తిథి పలక మీద రెండు గళ్ళు

చందాలు అడగడం ఎలాగో చెప్పమని, ఆశ్రమంలో కొత్తగా చేరినవాళ్ళు ఇద్దరు మొన్న నా దగ్గరికి వచ్చారు. నాకు నవ్వొచ్చింది. అడగడం నేను నేర్చుకున్నది అరవై ఒకటో ఏట. అదీ, నిక్షేపంగా బతికి ఉన్న ఒక పెద్దమనిషిని ఫోనులో స్వర్గానికి పంపించిన తరువాత. ఆ సంగతి రాస్తాను. మీకు పనికొచ్చేది ఏమైనా ఉంటే ఏరుకోండి.

నరసరావుపేట దాటి వినుకొండ వైపు కొంత దూరం పోతే వస్తుంది ఆ ఆశ్రమం. పన్నెండు మంచాలు. పెద్దాసుపత్రులు ఇక చేసేదేమీ లేదని పంపించేసిన వాళ్ళు అక్కడికి వస్తారు. అక్కడ జబ్బు నయం చేయరు. నొప్పి తగ్గిస్తారు, పుండు కడుగుతారు, పక్కన కూర్చుంటారు. ఊళ్ళో వాళ్ళు దాన్ని క్యాన్సర్ ఆశ్రమం అనేవాళ్ళు. దాన్ని పెట్టిన డాక్టరమ్మ నన్ను మేనేజరుగా పిలిచినప్పుడు నేనొక షరతు పెట్టాను. రికార్డులు, జీతాలు, మందుల స్టాకు నేను చూస్తాను. చందాలు అడగడం మాత్రం నా వల్ల కాదు. ఆమె కారణం అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్ద కథే ఉంది.

మాది మాచర్ల. మా తాతకు పత్తి మిల్లు ఉండేది, రైలు స్టేషను దగ్గర సత్రం ఉండేది. రైలు అక్కడితో ఆఖరు కాబట్టి దిగినవాళ్ళు బండో బస్సో దొరికేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. అలా కూర్చున్న వాళ్ళందరికీ మా సత్రంలో భోజనం. నాకు బుద్ధి తెలిసేసరికి మిల్లు లేదు, ఉద్యోగం వచ్చేసరికి సత్రం లేదు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. ఆ వీధిలో నడవాల్సి వస్తే నేను అవతలి వైపు నడుస్తాను. మాకు మిగిలింది ఒక్క మాట. ‘మన ఇంటి చేయి పెట్టడమే ఎరుగును, చాచడం ఎరగదు.’ మా నాన్న కుట్లు వేసిన చొక్కా మీద ఇస్త్రీ కండువా వేసుకుని మరీ ఆ మాట అనేవాడు. నేను సహకార బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేశాను. జీతం అడ్వాన్సు ఒక్కసారీ అడగలేదు. బస్సులో కిటికీ పక్క సీటు కూడా ఎవరినీ అడగలేదు.

ఆశ్రమం నడిచేది తిథుల మీద. భోజనాల వరండాలో ఒక నల్ల పలక ఉండేది. తేదీకో వరస, నిలువునా తెల్ల పెయింటు గీత, దానికి అటూ ఇటూ రెండు గళ్ళు. ఎడమ గడిలో ఆ రోజు భోజనం ఇచ్చేవాళ్ళ పేరు, కుడి గడిలో వాళ్ళు ఎవరి జ్ఞాపకార్థం ఇస్తున్నారో ఆ పోయినవాళ్ళ పేరు. పేటలో వర్తకులు, చుట్టుపక్కల రైతులు, క్వారీ మేస్త్రీలు, లారీ ఓనర్లు తమ ఇంట్లో పోయినవాళ్ళ తిథినాడు ఇక్కడికి కుటుంబంతో వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం వడ్డించే ముందు పోయినవాళ్ళ పేరు గట్టిగా చదివేవాళ్ళం. మంచాల మీద ఉన్నవాళ్ళలో ఓపికున్న వాళ్ళు ‘శాంతి కలగాలి’ అనేవాళ్ళు. తరువాత ఆ కుటుంబం తమ చేత్తో వడ్డించేది, లేవలేని వాళ్ళకు స్పూనుతో తినిపించేది, ఒక ఫోటో తీసుకుని, కళ్ళు తుడుచుకుని వెళ్ళేది. భోజనానికని వాళ్ళు ఇచ్చినదానిలో మిగిలిందే నర్సుల జీతం, గాజుగుడ్డ, ఆక్సిజన్.

కరోనా వచ్చిన రెండో వేసవిలో ఆశ్రమం గేటుకు తాళం పడింది. మా వాళ్ళ ఊపిరితిత్తులు అసలే అంతంత మాత్రం. బయటి మనిషి ఒక్కడు దగ్గినా చాలు. ఎవరూ రాకూడదన్నాం. రాకూడదంటే తిథులూ రాలేదు. పలక ఖాళీ అయింది. దానికి తోడు డాక్టరమ్మకే కరోనా సోకి ఇంట్లో విడి గదిలో ఉండిపోయింది. రోజూ ఫోనులో మందులు చెప్పేది. ఒక ఉదయం మందులు చెప్పడం అయ్యాక ఆగింది.

"మేనేజరు గారూ, ఈ నెలాఖరుకు తిథులు మళ్ళీ మొదలవకపోతే మూసేద్దాం. నర్సులను జీతం లేకుండా ఉండమని నేనడగలేను. ఇళ్ళున్న వాళ్ళని ఇళ్ళకు పంపిద్దాం."

"ఇల్లు లేనివాళ్ళని?"

ఆమె దగ్గింది. ఇల్లు లేనివాడు ఎవరో ఇద్దరికీ తెలుసు.

ఆరో నంబరు మంచం మీద ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఆయన ఉండేవాడు. మాచర్ల బస్సులోనే ఎక్కువ కాలం చేశాడు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. భార్య పోయింది, పిల్లలు లేరు, అద్దె గది ఖాళీ చేసే మా దగ్గరికి వచ్చాడు. తలగడలు ఆనించి కూర్చోబెడితే గొంతు మాత్రం బస్సు వెనక సీటుదాకా వినపడేది. మా ఇంటి చరిత్ర ఆయనకు తెలుసు, అందుకని నన్ను దొరగారూ అనేవాడు. అందులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో నాకెప్పుడూ తేలలేదు.

మూసేసే సంగతి ఆయనకెవరు చెప్పారో తెలియదు. నేను ఆక్సిజన్ సిలిండరు మీటరు చూస్తుంటే అన్నాడు.

"దొరగారూ, ఇది ఆఖరి స్టాపు గదా. ఇక్కడ దింపాక మళ్ళీ యాడికి ఎక్కిస్తారు నన్ను?"

నేను మీటరు వైపే చూస్తూ, "ఎవరూ ఎక్కించరు" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

చేయి చాచకుండా తిథులు తెప్పించే ఉపాయం నాకు తోచింది ఒక్కటే, ఉత్తరం. తిథి కుటుంబాలన్నిటికీ నా దస్తూరీతో రాశాను. ‘ఇందుమూలముగా తమకు తెలియజేయునది ఏమనగా’ అని మొదలుపెట్టి, ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా తమరు స్వయముగా విచ్చేయరాదనియు, తిథి రుసుము మాత్రము పంపవలసినదనియు రాసి, కింద ఇంటిపేరు పూర్తిగా విప్పి సంతకం చేశాను. చదువుకుంటే నాకు ముచ్చటేసింది. పది రోజులు చూశాను. ఒక్కరూ పలకలేదు.

ఇక తప్పక నేనే బయల్దేరాను. పేటలో పప్పుల హోల్‌సేలు చేసే షావుకారు ఒకాయన ఉండేవాడు, వర్తక సంఘంలో పెద్ద. ఆయన ఎటు నడిస్తే బజారు అటు నడిచేది. ఏటా వాళ్ళ నాయన తిథి మా దగ్గరే జరిగేది. మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, కాబట్టి పొద్దున్నే జనం. కొట్టు ముందు ముగ్గుపిండితో గుండ్రాలు గీశారు, గుండ్రానికో మనిషి. ఎవరి కొట్టు ముందూ వరసలో నిలబడని నేను నాలుగో గుండ్రంలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. షావుకారు ప్లాస్టిక్ తెర వెనకనుంచి చూశాడు.

"మీరా! ఏం కావాలండీ?"

"తిథి సంగతి."

"మీ ఉత్తరం అందింది. మా కోడలు చదివి హడలిపోయింది. కోర్టు నోటీసు వచ్చింది మామయ్యా అని."

"మర్యాదగానే రాశానే."

"మర్యాదగానే ఉందయ్యా, బాధ అదే. డబ్బు పంపు, మనిషి రావద్దు. కరెంటు బిల్లు గూడా అట్టాగే కడతన్నాం. మా నాయన కరెంటు బిల్లా?"

"రోగుల క్షేమం కోసం..."

"రావద్దంటే రాం. చేత్తో వడ్డించకపోయినా సరే. ఆయన పేరు చదివేటప్పుడు మా చెవిన పడాల. అది లేకపోతే తిథేంది?"

నా వెనక గుండ్రంలో ఉన్న ఆవిడ అందుకుంది. "ఓ పెద్దాయనా, ముచ్చట్లుంటే పక్కన పెట్టుకో. పన్నెండుకి మూసేత్తారు. నాకు రెండు కేజీల కందిపప్పు."

ఆశ్రమానికి వచ్చి ఈ అవమానాన్ని సిస్టరుకు చెప్పుకున్నాను. మా హెడ్ నర్సు రాజుపాలెం మనిషి, ముక్కుసూటిగా మాట్లాడేది. ఆమె ఏదో అనబోయేలోగా ఆరో నంబరు మంచం మీదనుంచి గొంతు వచ్చింది.

"ఫోనుంది గదా దొరగారూ. వాళ్ళ చెవి ఇక్కడికి రాకపోతే మన గొంతు అక్కడికి పోతది."

మర్నాడే మొదలుపెట్టాం. మొదటి తిథి నూజెండ్ల వైపు ఒక రైతు కుటుంబానిది, ఆయన తల్లి పేరున. సిస్టరు తన ఫోను స్పీకరులో పెట్టి మంచం మీద పెట్టింది. కండక్టరు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, అయ్యా, అందరూ ఉన్నారా? ఈయాల మా దగ్గర పప్పు, దోసకాయ కూర, చారు, పెరుగు. మీ తల్లి పేరు మీద." ఆమె పేరు చదివాడు. మంచాల మీదనుంచి ‘శాంతి కలగాలి’ అని వినిపించింది. "రెండో నంబరు పెద్దమ్మ మూణ్ణెల్లకి ఈయాల రెండోసారి వడ్డించుకుంది. మిగిలినోళ్ళు ఎవరైనా ఉన్నారా? లేరు. అందరికీ అందింది తల్లీ. రైట్ రైట్."

అవతలినుంచి మగవాడి ఏడుపు, దాని మీద ఆడవాళ్ళ నవ్వు వినిపించాయి. "మా అమ్మ గూడా అందరికీ అందిందా అని అడిగాకే తినేదయ్యా" అన్నాడా రైతు.

వారంలో పలక సగం నిండింది. కొందరు ఫోను చేసి, ‘ఆ కండక్టరు గొంతేనా?’ అని అడిగి మరీ రోజు చెప్పుకున్నారు. నేను సంతోషించాల్సింది. సంతోషించాను కూడా. కాని ఆ ‘రైట్ రైట్’ నాకు నచ్చలేదు. పోయినవాళ్ళ పేరు పలికే చోట బస్‌స్టాండు కేకలేమిటి? దీనికొక పద్ధతి ఉండాలనుకున్నాను. పలక మీద కూడా పద్ధతి లేదనిపించింది. ఇచ్చేవాడి పేరు ముందూ, పోయిన పెద్దల పేరు వెనకా ఏమిటి? పెద్దలు ముందుండాలి. ఇకమీదట పోయినవారి పేరు ఎడమ గడిలో, ఇచ్చేవారి పేరు కుడి గడిలో రాయవలెనని కాగితం మీద ఆర్డరు రాసి, ఒక నకలు ఫైల్లో పెట్టి, అసలు వంటగది తలుపుకు అంటించాను. వంటగది తలుపు మీద కాగితం ఎవరు చదువుతారు? మా ఆశ్రమంలో కాగితాలు చదివేది నేనొక్కణ్ణే. రాసేదీ నేనే.

ఆ మర్నాడే షావుకారు గారి నాయన తిథి. నెల మధ్యలో షావుకారుకు కరోనా వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో ఉండి, రెండు రోజుల క్రితమే ఇంటికి వచ్చాడు. తిథి మాత్రం మానలేదు. పెద్ద కుటుంబం, సంఘం పెద్ద. ఈ ఒక్కరోజు నేనే చదవాలనుకున్నాను.

కండక్టరుతో, "ఇవాళ మీరు విశ్రాంతి తీసుకోండి. నేను చదువుతాను" అన్నాను.

"అట్టాగే. బండి మీది" అన్నాడు.

ఫోను పట్టుకుని పలక ముందు నిలబడ్డాను. సిస్టరు, "సార్, పలక..." అంది. నాకు తెలుసన్నట్టు చేయి ఎత్తాను. పలక రాసింది సిస్టరే, ఎప్పటిలాగే రాసింది. నేను ఎడమ గడి చూసి చదివాను. ఊళ్ళో అందరూ ఆ షావుకారును కొట్టు పేరుతోనే పిలిచేవాళ్ళు. అసలు పేరు పెళ్ళి శుభలేఖ మీదా, ఏడాదికోసారి మా పలక మీదా తప్ప ఎక్కడా కనపడదు. నాకూ గుర్తులేదు.

"ఈనాటి భోజనం స్వర్గీయ" అని, ఆ పేరును ఇంటిపేరుతో సహా స్పష్టంగా, ఒక్కొక్క అక్షరం ఒత్తి పలికి, "గారి జ్ఞాపకార్థం. వారి ఆత్మకు శాంతి కలగాలి" అన్నాను.

పదకొండు మంచాలు ‘శాంతి కలగాలి’ అన్నాయి. ఆరో నంబరు మంచం ఒక్కటే పలకలేదు.

ముందుగా చిన్నపిల్ల గొంతు వినపడింది. "తాతా, నీ పేరే చదివారు!" తరువాత కంచం కింద పడ్డ చప్పుడు. ఒక ఆడమనిషి కేక. ఆ తరువాత ఆయాసపడుతూ షావుకారు.

"నేను బతికే ఉన్నానయ్యా! ఇదిగో, మాట్లాడతన్నా!"

ఫోను ఆగిపోయింది. నేను పలక వైపు చూస్తూ అలాగే నిలబడ్డాను. సిస్టరు నా చేతిలోనుంచి ఫోను తీసుకుని వడ్డించడానికి వెళ్ళింది. అన్నం ఆగకూడదు కదా.

పేటలో ఇలాంటి కబురు పాకడానికి సాయంత్రం దాకా కూడా పట్టదు. ‘ఆ ఆశ్రమంలో బతికినోళ్ళకి గూడా తిథి పెడతన్నారంట’ అని. ఇంటింటా ఎవరో ఒకరు జ్వరంతో ఉన్న రోజులవి. ఆ మాట వింటే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. ఒకరి తరువాత ఒకరు ఫోను చేసి ఈ ఏడాదికి వద్దన్నారు. సిస్టరు తడిగుడ్డతో పలక మీద వాళ్ళ పేర్లు తుడిచింది. నాలుగే మిగిలాయి.

నేను కుర్చీలో కూర్చుని ఒక తెల్ల కాగితం తీసుకుని ‘ఇందుమూలముగా’ అని మొదలుపెట్టాను. సిస్టరు వచ్చి నా చేతి కిందనుంచి కాగితం లాగేసింది.

"సార్, మీకు దణ్ణం పెడతా. ఇంకో ఉత్తరం రాస్తే ఆ మిగిలిన నాలుగు గూడా పోతాయి. మనిషి పోవాల."

"పోయి ఏమనాలి?"

"తప్పయింది అనాల. అంతకంటే ఏముంది?"

మాటలు రెండే. కాని నా నోరు ఎప్పుడూ పలకనివి. ఆ సాయంత్రం డాక్టరమ్మకు ఫోను చేసి రాజీనామా చేస్తానన్నాను. ఆమె చాలాసేపు దగ్గి, "రాజీనామా చేస్తే ఆరో నంబరు ఎక్కడికి వెళ్తాడు?" అంది. అంతే.

మర్నాడు పొద్దున కండక్టరు మంచం దగ్గర కూర్చున్నాను. ఆయనకు ఆ వారం ఆయాసం పెరిగింది. ముక్కుకు గొట్టం ఉంది. నేనేమీ అడగకుండానే మొదలుపెట్టాడు.

"మీ తాత సత్రంలో నేను తిన్నా దొరగారూ. పప్పు చానా పల్చన. గరిటె వేస్తే అడుగు కనపడేది."

"అన్నదానంలో పప్పు పల్చనగానే ఉంటుంది."

"ఎందుకు పల్చనో చెప్పనా? నేను చిన్నప్పుడు మా నాయనతో పత్తి బండి మీద మీ మిల్లుకి వచ్చేవాణ్ణి. మీ తాత గేటు కాడ నుంచునేవాడు, భుజానికి జోలె ఏసుకుని. బండికో సోలెడు జొన్నలో, కందులో, సత్రానికి ఏసిపోండ్రా అని. ఎయ్యనోణ్ణి పేరు పెట్టి పిలిచి మరీ అడిగేవాడు. మా నాయన తిట్టుకుంటా ఏసేవాడు. నా చేత్తో నేనే ఏశా ఎన్నోసార్లు."

"మా తాత జోలె పట్టేవాడా?"

"పట్టకుండా అంతమందికి యాణ్ణుంచి వస్తదయ్యా? మిల్లు ఒక్కటే ఉంటే రెండేళ్ళకే అయిపోయేది సత్రం."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఇది నిజమో, నన్ను కుర్చీలోనుంచి లేపడానికి ఆయన అల్లిందో ఈనాటికీ నాకు తెలియదు. చేతిలో చిల్లర ఉంచుకుని చిల్లర లేదని చెప్పడం కండక్టర్లకు పెద్ద పని కాదు. అడిగి తెలుసుకోవడానికి మా ఇంట్లో పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. కాని మా నాన్న ఎప్పుడూ చెప్పని ఒక సంగతికి మాత్రం అది సరిపోయింది. ఆ సత్రం గోడమీద మా తాత పేరు ఎందుకు లేదో నాకెప్పుడూ అర్థమయ్యేది కాదు.

మాస్కు వేసుకుని బయల్దేరాను. జేబులో నా ఆర్డరు నకలు పెట్టుకున్నాను. గళ్ళు మార్చమని నేను రాతపూర్వకంగా చెప్పాననీ, పలక రాసినవాళ్ళు పాటించలేదనీ రుజువు. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు నేర్చింది అదే, రుజువు లేకుండా ఎవరి ముందుకూ వెళ్ళకూడదని.

షావుకారు ఇంటి మెట్లకు దూరంగా నిలబడ్డాను. ఆయన భార్య గుమ్మంలోకి వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉంది. నన్ను గుర్తుపట్టిన తరువాత అడ్డం తీసేసింది.

"నువ్వేనా చదివింది? ఏందయ్యా, మా ఇంటాయన ఏం పాపం చేశాడు నీకు? ఆరు రోజులు ఆస్పత్రి బయట చెట్టు కింద కూర్చున్నా నేను. ఒక్కో అంబులెన్సు లోపలికి పోతంటే ఇక్కడ కొట్టుకునేది నాకు. బతికించుకుని తెచ్చుకున్నా. నువ్వు పదిమందిని కూడేసి శాంతి కలగాలంటావా?"

నా చేయి జేబు దగ్గరికి పోయింది. కాగితం తగిలింది. అది బయటికి తీస్తే తప్పు సిస్టరు మీదికి పోతుంది, నేను తలెత్తుకుని తిరిగి వెళ్తాను. సిస్టరు ‘సార్, పలక’ అన్నప్పుడు నేను ఎత్తింది కూడా ఆ చేయే.

"తప్పు నాదమ్మా" అన్నాను. "అంతా నాదే. కండక్టరును పక్కన కూర్చోబెట్టి నేను చదివాను. చదవడం రాదు నాకు. తప్పయింది."

ఆమె ఇంకా ఏదో అనడానికి సిద్ధంగా ఉన్నట్టుంది. ఆ మాటతో ఆగింది. లోపలనుంచి షావుకారు గొంతు నీరసంగా వినిపించింది. "వచ్చాడు గదే మనిషి. పంపించెయ్."

"మీరు ఊరుకోండి!" అని లోపలికి ఒక కేక వేసి, నావైపు తిరిగింది. "మా మామగారి పేరు మాకు వినపడలేదు. ఆయన మా మీద అలిగి ఉంటాడు. ఈయాల మళ్ళీ చదవండి."

"నిన్ననే అయిపోయింది గదే తిథి" అంది లోపలి గొంతు.

"అయితే ఏం? ఆ కండక్టరు చేత చదివించండి. మీరు మాత్రం వద్దు."

"ఆయనకు ఒంట్లో బాగాలేదమ్మా. గట్టిగా మాట్లాడలేడు."

"మెల్లగా చదవమనండి. మేమే చెవులు దగ్గర పెట్టుకుంటాం."

పన్నెండుకు సిస్టరు కండక్టరు వెనక మూడు తలగడలు పెట్టింది. ఆక్సిజన్ కొంచెం పెంచింది. నేను ఫోను ఆయన నోటి దగ్గర పట్టుకున్నాను. పలక చూడటానికి ఆయన తల తిప్పలేడు, అందుకని సిస్టరు కుడి గడిలో ఉన్న పేరు చెవిలో చెప్పింది. రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకుంటూ చదివాడు.

"అమ్మా... అందరూ ఉన్నారా? ఈయాల పప్పు... బీరకాయ కూర. మీ పెద్దాయన పేరు మీద." పేరు చెప్పాడు. ‘శాంతి కలగాలి’ అన్నాయి మంచాలు. నేనూ అన్నాను. "ఆయన కొడుకు... నిక్షేపంగా ఉన్నాడు. నూరేళ్ళ టికెట్టు కొట్టేశాం. మా మేనేజరుకి... గళ్ళు తెలియవు గాని... మనిషి మంచోడే. మిగిలినోళ్ళు... ఎవరైనా ఉన్నారా?"

అవతల షావుకారు నవ్వాడు. నవ్వుతో దగ్గు వచ్చింది. ఆయన భార్య అందుకుంది. "లేరన్నా, అందరం విన్నాం. నువ్వు పడుకో ఇంక."

మర్నాటినుంచి ఫోనులు మళ్ళీ మొదలయ్యాయి. షావుకారు సంఘంలో ఏం చెప్పాడో నాకు తెలియదు. ఒకాయన మాత్రం ఫోనులో, "మీరు తప్పు చదివినా వచ్చి ఒప్పుకుంటారంట గదా, మాకు పర్లేదు" అన్నాడు. నెలాఖరుకు పలక నిండింది. మూసేసే మాట డాక్టరమ్మ మళ్ళీ ఎత్తలేదు. నా ఆర్డరును వంటగది తలుపు మీదనుంచి నేనే చించేశాను. దాని మీద అప్పటికే ఎవరో పాల లెక్క రాసుకున్నారు.

కండక్టరు ఆ తరువాత మూడు వారాలు ఉన్నాడు, ఆరో నంబరు మంచం మీదే. చివరి వారం సిస్టరు చదివేది, ఆయన వినేవాడు. ఒకరోజు పదకొండు గంటలప్పుడు సిస్టరు ఆయన పెదాలు తడుపుతుంటే, "ఏం కూర?" అన్నాడు.

"దోసకాయ."

"మళ్ళీనా" అన్నాడు.

ఆ తరువాత ఇంకేమీ అనలేదు. నొప్పి లేదు. మా పనికి అంతకు మించిన ఫలితం ఉండదని మీకు ముందే చెప్పడం మంచిది.

మరుసటి ఏడు ఆయన తిథి వచ్చింది. నేను పదవీ విరమణ చేయడానికి కొన్నాళ్ళ ముందు. కుడి గడిలో ఆయన పేరు సిస్టరే రాసింది. ఎడమ గడి నా కోసం వదిలేసి నావైపు చూసింది. ఆ పన్నెండు మందికి ఒక పూట నా జీతంలోనుంచి పెట్టగలిగేవాణ్ణే. మా ఇంటి చేయి పెట్టడమే ఎరుగును కదా. పెట్టలేదు. పొద్దున్నే గుడ్డ సంచి భుజానికి తగిలించుకుని పేట బజారుకు వెళ్ళాను. మొదటి కొట్టు ముందు కొంచెంసేపు నిలబడిపోయాను. తరువాత అడిగాను. రెండో కొట్టు దగ్గరికి వచ్చేసరికి మాట తేలికైంది. పప్పు ఒకచోట, బియ్యం ఒకచోట, బెల్లం ఒకచోట. ఒకాయన ఇవ్వనన్నాడు. పేరు పెట్టి పిలిచి మళ్ళీ అడిగాను, ఇచ్చాడు. షావుకారు తూకం వేస్తూ, "సంచి బాగానే నప్పిందే మీకు" అన్నాడు.

ఎడమ గడిలో పేర్లు పట్టలేదు. సిస్టరు గీత పక్కన, పలక చట్రం మీద కూడా సుద్దతో రాసింది. అప్పటికి గేటు తెరుచుకున్నా ఫోనులో చదివే అలవాటు ఉండిపోయింది. వినడానికి కండక్టరుకు ఎవరూ లేరు కదా అనుకుంటుండగా షావుకారు ఇంటినుంచే ఫోను వచ్చింది.

"అన్నయ్యగారూ" అంది ఆయన భార్య, "మేమందరం కూర్చున్నాం. చదవండి."

"నన్నే చదవమంటారా?"

"ఈసారికి చదవండి. ముందు గడి చూసుకోండి."

వేలు కుడి గడి కింద పెట్టి, కండక్టరు పేరు చదివాను. తరువాత ఎడమ గడిలోవి, చట్రం మీదవి, ఒక్కటి కూడా వదలకుండా చదివాను. పేర్లు అయ్యాక మంచాల వైపు తిరిగి, మిగిలినోళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. చదవడం పూర్తయ్యేసరికి పప్పు చల్లారింది. పల్చగా కూడా ఉంది. అందరికీ అందింది.